ట్రైనింగ్ అయిపోయింది, ప్యానెల్ మీద పీడీఎఫ్ తప్ప ఇంకేమీ కనబడటం లేదు: తోటి టీచర్లకు ఎలా సాయపడాలి?

బడిగంట

అందరికీ నమస్కారం. మా స్కూల్లో ఈ ఏడాది తరగతి గదుల్లో ఇంటరాక్టివ్ ప్యానెల్స్ (వేలితో తాకి వాడే పెద్ద స్క్రీన్లు) పెట్టారు. ఒక ట్రాలీ నిండా ట్యాబ్‌లు కూడా వచ్చాయి. బిగించినవాళ్లే ఒక రోజు ట్రైనింగ్ ఇచ్చి, ఏ బటన్ దేనికో చూపించి వెళ్లారు. ఆ తర్వాత తోటి టీచర్లకు సాయం చేసే బాధ్యత నాకు అప్పగించారు. నేను సోషల్ చెబుతాను, టెక్నికల్ చదువు చదివినదాన్ని కాదు.

ఇప్పుడు ఎక్కువమంది ప్యానెల్ మీద పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెరుస్తున్నారు, లేదంటే వీడియో వేస్తున్నారు. ట్యాబ్‌లు ట్రాలీ దిగడం లేదు. ఇందులో టీచర్లను తప్పుపట్టాలని నాకు లేదు. వాళ్లు ఎంత కష్టపడతారో రోజూ చూస్తున్నాను. మళ్లీ ఒక ట్రైనింగ్ పెట్టించమంటారా? ఎక్కడ మొదలుపెట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

త్రికోణం

ట్రైనింగ్ మళ్లీ వద్దు మేడమ్. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి ఒకే ప్రశ్న అడగండి: "ఈ టర్మ్‌లో పిల్లలకు ఎంత చెప్పినా ఎక్కని పాఠం ఏది?" అక్కడ మొదలుపెట్టండి. యాప్ పేరు ఆ తర్వాత వస్తుంది.

నేను లెక్కలు చెబుతాను. అర్ధవృత్తంలో కోణం ఎప్పుడూ 90 డిగ్రీలే ఉంటుందని బోర్డు మీద ఒక్క బొమ్మ గీసి చెబితే, పిల్లలు ఆ బొమ్మ వరకే నమ్ముతారు. జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో అదే బొమ్మ పెట్టి, వృత్తం మీది బిందువును వేలితో జరిపితే త్రిభుజం ఆకారం మారిపోతుంది, కోణం మాత్రం కదలదు. జరపడానికి ముందు "కోణం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా?" అని నోట్‌బుక్‌లో రాయిస్తాను. రాయించకుండా చూపిస్తే అది సినిమా చూసినట్టే. రాసినవాళ్లకు తమ జవాబు నిలుస్తుందా లేదా అన్న ఆత్రుత ఉంటుంది. "ఎందుకు?" అని వాళ్లే అడుగుతారు, నిరూపణ అప్పుడు చెబుతాను.

జియోజీబ్రాను మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో సాల్జ్‌బర్గ్‌లో చదువుకుంటూ మొదలుపెట్టారు. తరగతిలో ఉచితంగా వాడుకోవచ్చు, నెట్ లేకుండా కూడా పనిచేసే యాప్ ఉంది.

పాతబోర్డు

మా వైపు మాట కూడా వినండి. నేను చాలాకాలంగా ఈ వృత్తిలో ఉన్నాను. పీరియడ్ 40 నిమిషాలు. హాజరు తీసుకోవాలి, హోంవర్క్ చూడాలి. ప్యానెల్ ఆన్ అయ్యి, లాగిన్ అయ్యి, నెట్ దొరికేసరికి పిల్లలు నా చేయి దాటిపోతారు. ట్యాబ్‌లు పంచితే సగం వాటికి చార్జింగ్ ఉండదు. మధ్యలో ఆగిపోతే అందరి ముందు నిలబడి ఉండాల్సింది నేనే. సిలబస్ వెనకబడితే జవాబు చెప్పాల్సిందీ నేనే.

టెక్నాలజీకి నేను వ్యతిరేకిని కాదు. సుద్దముక్కతో కానిది దీనితో ఏమవుతుందో నా సబ్జెక్టులో, నా తరగతిలో ఒక్కసారి చూపించండి.

పక్కబెంచీ

పాతబోర్డు సార్ రాసినదాన్ని బడిగంట మేడమ్ ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోవాలి. టీచర్లకు తోడు ఉండేవాళ్లు ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే.

1970ల్లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జీన్ హాల్, షర్లీ హోర్డ్ బృందం, కొత్త పద్ధతి వచ్చినప్పుడు టీచర్ల ఆందోళనలు ఎలా మారతాయో పరిశీలించింది. మొదట "దీనివల్ల నాకేమవుతుంది?" అన్న భయం. తర్వాత "సమయం, సామాను, గోల ఎలా సంభాళించాలి?" అన్న చింత. అది తీరాకే "పిల్లలకు ఎంత ఉపయోగపడుతోంది?" అన్న ప్రశ్నకు మనసు ఖాళీ అవుతుంది. సార్ అడిగినవి ఎక్కువగా రెండో మెట్టు ప్రశ్నలు. వాటికి "పిల్లల భవిష్యత్తు కోసం సార్" అని చెబితే మనం ఆయన మాట విననట్టే. చార్జింగ్ ఎవరు చూస్తారో, నెట్ పోతే ఏం చేయాలో చెప్పాలి.

ఒక్క రోజు ట్రైనింగ్ ఎందుకు నిలవదో కూడా తెలిసిన సంగతే. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల మొదట్లోనే చెప్పారు: సిద్ధాంతం వివరించి, చేసి చూపించి, అక్కడే సాధన చేయించినా, ఆ నేర్పు తరగతి గదిలోకి రావాలంటే తర్వాత పక్కన ఒక మనిషి ఉండాలి.

నేను చేసే పని ఇలా ఉంటుంది. ఒక టీచర్‌తో కూర్చుని ఒకే పాఠం, అందులోనూ పది నిమిషాల ముక్క కలిసి ప్లాన్ చేస్తాం. ఆ పీరియడ్‌లో నేను గదిలో ఉంటాను. తీగలు, లాగిన్, ట్యాబ్‌లు పంచడం నా పని. బోధన పూర్తిగా ఆమెది. ఆమె వద్దంటే తప్ప అదే రోజు కాసేపు మాట్లాడుకుంటాం. రెండోసారి ఆమె తీగలు కూడా తానే చూసుకుంటుంది, నేను వెనక కూర్చుంటాను. ఆ తర్వాత నేను ఉండను. నెమ్మదిగా జరిగే పనే, కానీ ఇలా నేర్చుకున్నవాళ్లు మానేయడం చాలా అరుదు.

ఇంకొకటి. ప్రతి ప్లాన్‌లోనూ "ఆగిపోతే ఏం చేస్తాం" అని ఒక లైను రాసుకుంటాం. అదే ప్రశ్న బోర్డు మీద రాసి కొనసాగించేలా ఉండాలి. ఆ లైను ఉంటే టీచర్ టెన్షన్ సగం తగ్గుతుంది.

సైన్సు_కిటికీ

సార్ అడిగిన "సుద్దముక్కతో కానిది" అన్న మాటకు నా జవాబు: కంటికి కనబడనిది చూపించడం.

బల్బు, తీగ, బ్యాటరీ ఉంటే ముందు వాటితోనే చేయించాలి, ఆ పని స్క్రీన్‌కు ఇవ్వకూడదు. కానీ బల్బు దాటాక తీగలో కరెంటు తగ్గిపోతుందని చాలామంది పిల్లలు అనుకుంటారు. అసలు సర్క్యూట్‌లో వాళ్లకు కనబడేది వెలుగు ఒక్కటే. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్‌లో (స్క్రీన్ మీద ప్రయోగాన్ని నిజంలా చేసి చూసే ప్రోగ్రాం) అదే సర్క్యూట్ కట్టి చూపిస్తే, ఎలక్ట్రాన్లు బల్బుకు ముందూ వెనకా ఒకే వేగంతో కదులుతూ కనిపిస్తాయి. ఆ తర్వాత మీటర్ పెట్టి నిజం సర్క్యూట్‌లో కొలిపిస్తాను.

ఫెట్‌ను భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. నెట్ సమస్య ఉన్నవాళ్లు సిమ్యులేషన్లను ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే బ్రౌజర్‌లో నెట్ లేకుండానే తెరుచుకుంటాయి. పాఠం మధ్యలో వెతుక్కోకుండా ముందు రోజే ఫైల్ తెరిచి పెట్టుకోండి.

ఒక్కఫోన్

మా దగ్గర ప్యానెల్ లేదు, ట్యాబ్‌లు లేవు. ఉన్నది నా ఫోను, నిండుగా పిల్లలు. నాలాంటివాళ్లు ఏం చేయాలి?

త్రికోణం

ఒక్కఫోన్ గారూ, మీ ఫోను చాలు. ప్లికర్స్ అని ఒక యాప్ ఉంది. ప్రతి పిల్లకూ ఒక కాగితం కార్డు ఇస్తారు. దాని మీద నల్లని గళ్ల బొమ్మ, నాలుగు వైపులా ఏ, బీ, సీ, డీ ఉంటాయి. తన జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటే, మీరు ఫోన్ కెమెరాతో తరగతి మీదుగా ఒకసారి చూస్తారు. ఎవరు ఏ జవాబు ఇచ్చారో మీకు కనబడుతుంది. ఒక్కో కార్డు మీద బొమ్మ ఒక్కోలా ఉంటుంది కాబట్టి పక్కవాళ్లది చూసి తిప్పడం కష్టం. అదీ కుదరకపోతే కాగితాన్ని నాలుగుగా మడిచి, ఒక్కో మడత మీద ఒక్కో అక్షరం రాయించి ఎత్తమనండి.

దీని వెనక ఉన్న పద్ధతి హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజుర్ 1990ల మొదట్లో తెచ్చింది. ప్రశ్న వేసి, ఎవరికి వారే ఆలోచించి జవాబు ఇచ్చాక చూడాలి. సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెబితే, వేరే జవాబు ఇచ్చిన పక్కవాళ్లతో చర్చించమని మళ్లీ ఓటు అడగాలి. అంతకన్నా తక్కువైతే పాఠం మరోలా చెప్పాలి, ఎక్కువైతే ముందుకు వెళ్లాలి. కార్డుల అసలు ఉపయోగం ఈ నిర్ణయమే. మార్కులు వేయడానికి వాడితే పిల్లలు భయపడి ఊహించి తిప్పుతారు.

పాతబోర్డు

ఇది నాకు నచ్చింది. ఇందులో బోధన నా చేతిలోనే ఉంది. అయితే ప్రశ్న ఎలా ఉండాలి? "5 ఇంటూ 7 ఎంత" అని అడిగితే చర్చించడానికి ఏముంటుంది?

త్రికోణం

సరైన చోట పట్టుకున్నారు సార్. ప్రతి తప్పు జవాబు వెనకా ఒక ఆలోచన ఉండాలి.

0.5, 0.62, 0.248. వీటిలో పెద్దది ఏది?

0.248 అన్నవాళ్లు అంకెలు ఎక్కువ ఉంటే పెద్ద సంఖ్య అనుకుంటున్నారు, పూర్ణాంకాల అలవాటు అది. 0.5 అన్నవాళ్లలో చాలామంది వెయ్యో వంతులు చిన్నవి, పదో వంతులు పెద్దవి కాబట్టి అంకెలు తక్కువ ఉన్నదే పెద్దది అనుకుంటారు. ఈ ఇద్దరికీ చెప్పాల్సింది వేర్వేరు. చేతులెత్తమంటే వచ్చినవాళ్లే ఎత్తుతారు, ఈ తేడా మనకు ఎప్పటికీ తెలియదు. ఇలాంటి ఒక్క ప్రశ్న తయారు చేయడానికి నాకు పాఠం ప్లాన్ కన్నా ఎక్కువ సమయం పడుతుంది, కానీ అది ఏళ్ల తరబడి పనికొస్తుంది. స్టాఫ్‌రూమ్‌లో ఒక ఫైల్ పెట్టి అందరూ అందులో చేర్చుకోండి.

సరిచూడు

కొనేముందు, కొన్నాకా కూడా ఆలోచించాల్సిన రెండు పరిశోధనలు ఉన్నాయి.

పెరూలో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచే పెద్ద కార్యక్రమాన్ని 319 గ్రామీణ పాఠశాలల్లో పరీక్షించి 2012లో ఫలితాలు ఇచ్చారు. కంప్యూటర్లు బాగా పెరిగాయి, వాడకం పెరిగింది, లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు మాత్రం పెరగలేదు. ఇక ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచిన స్కూలు తర్వాతి కేంద్రాల మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ 2019లో ప్రచురించిన అధ్యయనం ఉంది. అక్కడ నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో చెప్పుకోదగ్గ మెరుగుదల వచ్చింది. పిల్ల ఏ తరగతిలో ఉందన్నది పక్కనపెట్టి, ఏ స్థాయిలో ఉందో అక్కడి నుంచి ప్రశ్నలు ఇచ్చింది ఆ సాఫ్ట్‌వేర్. చాలామంది పిల్లలు తమ తరగతి సిలబస్‌కు చాలా వెనక ఉన్నారని కూడా అందులోనే బయటపడింది.

రెండు చోట్లా కంప్యూటర్లు ఉన్నాయి. తేడా వాటితో పిల్లలు చేసిన పనిలో ఉందని నా నమ్మకం.

అలాగే, "చదివినది 10 శాతం గుర్తుంటుంది, చూసినది 30 శాతం, చేసినది 90 శాతం" అనే స్లయిడ్ ఏ ట్రైనింగ్‌లోనైనా వస్తే దయచేసి ఆపి అడగండి. ఆ లెక్కకు మూలమని చెప్పేది ఎడ్గార్ డేల్ అనే అమెరికా విద్యావేత్త 1946లో గీసిన 'అనుభవాల శంకువు' బొమ్మ, అందులో అసలు శాతాలే లేవు. తర్వాత ఎవరో అంటించినవి అవి. టీచర్ల సమయం ఇలాంటి లెక్కల మీద ఖర్చు కావడం నాకు బాధగా ఉంటుంది.

హెచ్ఎం_కుర్చీ

నేను ప్రధానోపాధ్యాయురాలిని. మా వైపు నుంచి చేయగలిగింది ఒకటే చెబుతాను: సమయం. పక్కబెంచీ గారు చెప్పినట్టు కలిసి ప్లాన్ చేయాలంటే ఇద్దరికీ ఒకే పీరియడ్ ఖాళీ ఉండాలి. అది టైమ్‌టేబుల్ వేసేటప్పుడే పెట్టాలి. సెలవు రోజు రమ్మనడం సాయం అనిపించుకోదు.

ప్యానెల్ ఎన్ని గంటలు ఆన్‌లో ఉందో లెక్క రాయించడం మా దగ్గర ఆపేశాం. లెక్క రాయిస్తే ఆన్ చేసి పెడతారు, అంతకుమించి ఏమీ రాదు.

బడిగంట

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు. ఒకటి, కొందరు టీచర్లు చాట్‌జీపీటీతో వర్క్‌షీట్లు తయారు చేస్తున్నారు, పిల్లలు దానితోనే హోంవర్క్ చేస్తున్నారు. దీని గురించి ఏం చెప్పాలి? రెండు, నేను తరగతిలో వెనక కూర్చుంటే అది ఇన్‌స్పెక్షన్‌లా అనిపించదా?

సరిచూడు

మొదటిదానికి నేను చెబుతాను. టర్కీలో సుమారు వెయ్యి మంది హైస్కూల్ పిల్లలతో లెక్కల్లో ఒక ప్రయోగం జరిగింది. మామూలు చాట్‌బాట్ ఇచ్చినవాళ్లు సాధన చేసేటప్పుడు 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు వాడనివాళ్ల కన్నా 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మార్చిన బాట్ వాడినవాళ్లకు ఆ నష్టం దాదాపు కనబడలేదు. పిల్లలకు ఈ సంగతి దాచకుండా చెప్పండి, అర్థం చేసుకుంటారు.

టీచర్ల విషయంలో నాకు అభ్యంతరం లేదు. ప్రశ్నల చిత్తుప్రతికి, ఒకే పాఠాన్ని తేలిక మాటల్లో రాయించడానికి బాగా పనికొస్తుంది. ప్రతి లెక్కా స్వయంగా చేసి చూడాలి, ప్రతి తేదీ పుస్తకంతో సరిచూడాలి. పిల్లల పేర్లు, మార్కులు, ఆరోగ్య వివరాలు అందులో టైప్ చేయకూడదు. తరగతిలో పిల్లలే నేరుగా వాడటానికి కనీస వయసు 13 ఏళ్లుగా పెట్టమని 2023లో యునెస్కో సూచించింది.

పక్కబెంచీ

రెండోది చాలా ముఖ్యమైన ప్రశ్న. ఇన్‌స్పెక్షన్‌లా అనిపించకూడదంటే ముందే మాట ఇవ్వాలి, ఆ మాట మీద నిలబడాలి. నేను చూసింది హెచ్‌ఎం గారి దాకా వెళ్లదు. టీచర్ అడిగితే తప్ప నోట్సు రాయను. "నన్ను ఏం గమనించమంటారు?" అని ముందే అడుగుతాను. ఒకరు వెనక వరస పిల్లలు ఏం చేస్తున్నారో చూడమంటారు, ఇంకొకరు తాము ఎక్కువ మాట్లాడుతున్నారేమో చూడమంటారు. పాఠం తర్వాత నా అభిప్రాయంతో మొదలుపెట్టను. "మీరు అనుకున్నట్టు జరిగిందా?" అని అడిగి ఊరుకుంటాను. ఆ తర్వాత మాటలు వాళ్ల నుంచే వస్తాయి.

ముందు మీ తరగతికే ఒకరిని పిలవండి మేడమ్. మీరు చూడనిచ్చాక వాళ్లు మిమ్మల్ని రానిస్తారు.

హెచ్ఎం_కుర్చీ

ఆ మాట హెచ్‌ఎం నోట కూడా అందరి ముందూ రావాలి. మా స్టాఫ్ మీటింగ్‌లో నేను చెప్పాను: టీచర్లకు తోడుగా ఉండే మా కోచ్‌ను ఎవరి గురించీ అడగను.

అందరిపాఠం

ప్రత్యేక అవసరాలు ఉన్న పిల్లలతో పనిచేస్తాను. ఈ చర్చలో వాళ్ల మాట రాలేదు, అందుకే రాస్తున్నాను.

వెనక బెంచీ నుంచి ప్యానెల్ మీది పీడీఎఫ్ అక్షరాలు కనబడతాయో లేదో మీరే వెళ్లి కూర్చుని చూడండి. లేత రంగు మీద లేత అక్షరాలు వద్దు. వీడియో వేస్తే సబ్‌టైటిల్స్ ఆన్ చేయండి, వినికిడి తక్కువ ఉన్న పిల్లకు అదే పాఠం. ఎర్రది తప్పు, పచ్చది ఒప్పు అని రంగుతో మాత్రమే చెబితే రంగులు గుర్తుపట్టలేని పిల్లవాడు మిగిలిపోతాడు, పక్కన గుర్తు కూడా పెట్టండి. చదవడం కష్టమైన పిల్లలకు ట్యాబ్‌లోని చదివి వినిపించే సౌకర్యం నేర్పండి. సెట్టింగ్స్‌లో ఉంటుంది, కొనక్కర్లేదు. వీటిలో ఏదీ మిగతా పిల్లలకు అడ్డు కాదు. ట్యాబ్ ఒక ఆకర్షణగా ఉండే పిల్లలు చాలామంది ఉన్నారు, నా పిల్లల్లో కొందరికి అది చదువులోకి వెళ్లే ఒకే ఒక్క దారి.

సైన్సు_కిటికీ

ఇది ఎవరూ ట్రైనింగ్‌లో చెప్పరు. రంగుల విషయం నా స్లయిడ్లన్నింటిలో ఈ వారమే మారుస్తాను.

పాతబోర్డు

దశాంశాల ప్రశ్న కాగితం మడతలతో అడిగాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి 0.5 చూపించింది. ఎందుకని అడిగితే, వెయ్యి ముక్కలు చేస్తే ముక్క చిన్నదవుతుంది కదా సార్ అంది. ఆలోచన ఎంత బాగుందో! ముక్క సైజు దగ్గర ఆగిపోయింది, ఎన్ని ముక్కలున్నాయో లెక్కించలేదు. పక్కనున్న అబ్బాయితో వాదించి తనే సరిచేసుకుంది. ఆ అమ్మాయి బుర్రలో ఏముందో నాకు ఇంతకుముందు తెలిసే వీలే లేదు.

త్రికోణం సార్, భిన్నాల ప్రశ్నలు ఉంటే పెట్టండి. ఫోను, కార్డులు కూడా ప్రయత్నిస్తాను. చార్జింగ్ సంగతి మాత్రం ఎవరైనా చూడాలి.

బడిగంట

సార్, చాలా సంతోషం. చార్జింగ్‌కు మా దగ్గర పెద్ద తరగతి పిల్లలకే వంతులు వేస్తున్నాం, మీరూ చూడండి.

నేను మా భాషా టీచర్ మేడమ్‌తో మొదలుపెడుతున్నాను. ఎక్కని పాఠం ఏదని అడిగితే, పిల్లలు గట్టిగా చదవడమే అన్నారు. అందరి చదువూ వినడానికి పీరియడ్ చాలదు. ట్యాబ్‌లో ఎవరి చదువు వాళ్లు రికార్డు చేసుకుని, విని, మళ్లీ చదివితే ఎలా ఉంటుందని అనుకున్నాం. కానీ అందరూ ఒకేసారి చదివితే గదంతా గోలే కదా? ఎవరైనా చేశారా?

అందరిపాఠం

చేశాను మేడమ్. అందరికీ ఒకేసారి ఇవ్వకండి. ఒక గుంపు రికార్డు చేస్తుంటే మిగతావాళ్లు రాసే పనిలో ఉండాలి. రికార్డు చేసేవాళ్లను గది మూలలకు, వరండాకు పంపి, గోడ వైపు తిరిగి చదవమనండి. మైక్ నోటికి దగ్గరగా ఉంటే పక్క గొంతులు పెద్దగా పడవు. నాలుగైదు వాక్యాలే ఇవ్వండి. విన్నాక ఎక్కడ ఆగాలో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకుని మళ్లీ చదవమనండి. మొదటి రికార్డింగ్ చెరిపేయనివ్వకండి. టర్మ్ చివర పిల్లలకు రెండూ వినిపించడానికి కావాలి. ఫైల్ పేరులో రోల్ నంబరు చాలు, పేరు వద్దు. రికార్డింగులు స్కూల్ ట్యాబ్‌లోనే ఉండాలి, టీచర్ సొంత ఫోన్‌లోకి, గ్రూపుల్లోకి వెళ్లకూడదు. తల్లిదండ్రులకు ముందే ఒక చీటీ పంపండి.